ఫ్లేవర్ సిగరెట్ ప్యాకెట్టా, ప్లెయిన్ ప్యాకెట్టా

అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల దగ్గర ఏ పాన్ డబ్బా ముందైనా ఒక్క నిమిషం నిలబడి చూడండి, పుదీనా ఆకుపచ్చ, మంచు నీలం, పండు రంగు ప్యాకెట్లు ఎదురుగానే ఉంటాయి, చూస్తే చూయింగ్ గమ్ అనుకుంటాం. 2016 ఏప్రిల్ నుంచి మన దగ్గర ప్యాకెట్ ముందూ వెనకా 85 శాతం హెచ్చరికే ఉండాలి, బొమ్మా రాతా కలిపి, నిజంగా మంచి రూల్ అది, కానీ మిగిలిన ఆ కాస్త జాగాలోనే చల్లదనం, తాజాదనం అనే ఫీలింగ్ అంతా కుక్కేస్తారు. మెంథాల్, అంటే పుదీనా చల్లదనం ఇచ్చే పదార్థం, గొంతుని చల్లబరిచి పొగ ఘాటు తెలీకుండా చేస్తుంది, అంతే, పొగలో విషం ఏమీ తగ్గదు.

ఇంకోవైపు ఆస్ట్రేలియా 2012 లోనే ప్లెయిన్ ప్యాకెట్ పెట్టింది, అన్ని కంపెనీలకీ ఒకటే మురికి గోధుమ రంగు, లోగో లేదు, పేరు కూడా ఒకే రకం అక్షరాల్లో.

నా ఓటు ప్లెయిన్‌కే. కాకపోతే మన హైదరాబాద్‌లో ఒక చిక్కుంది, ఇక్కడ పిల్లలు లూజ్‌గా ఒక్కటే కొంటారు కదా, అప్పుడు హెచ్చరిక బొమ్మ డబ్బా దగ్గరే ఉండిపోతుంది, ఫిల్టర్‌లో చిదిమే ఫ్లేవర్ గోళీ మాత్రం వాడితోపాటు వెళ్తుంది. అందుకే ప్యాకెట్ రంగు మార్చడం ఒక్కటే సరిపోదు, యూరోపియన్ యూనియన్ 2020లో మెంథాల్ సిగరెట్లే ఆపేసినట్టు మనమూ ఫ్లేవర్నే ఆపాలి, లూజ్ అమ్మకం కూడా.