మూడు కిలోవాట్ల సోలార్ రివ్యూ: బిల్లు తగ్గింది, కరెంటు కోత అలాగే ఉంది

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తాను. బిల్లు తగ్గాలంటే పెట్టించుకోండి, కరెంటు పోయినప్పుడు ఫ్యాను తిరగాలంటే మాత్రం ఇది కాదు. అమ్మేవాళ్లు ఈ రెండో ముక్క అడిగితే తప్ప చెప్పరు, అడిగినా "అది తర్వాత చూద్దాం సార్" అంటారు.

మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గర. డాబా ఇల్లు, రెండు ఏసీలు, ఫ్రిజ్, బోరు మోటారు. ఎండాకాలం నెలకి 350 యూనిట్ల దాకా కాలుతుంది. మన రాష్ట్రంలో ఇళ్లకి స్లాబు లెక్క కదా, మొదటి 30 యూనిట్లు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, ఆ పైన 400 దాకా 8.75. అంటే 350 యూనిట్లకి ఒక్క కరెంటు ఖరీదే 2,110 రూపాయలు, దాని మీద ఫిక్స్‌డ్ చార్జి, కస్టమర్ చార్జి, సుంకం, ఇంధన సర్దుబాటు, ట్రూ అప్ (పాత ఖర్చుల తేడా వసూలు) అని ఇంకో వరస. అదే 120 యూనిట్లు కాల్చే ఇంటికి కరెంటు ఖరీదు 400 కూడా దాటదు. అలాంటి ఇంటికి రెండు లక్షల సామాను అమ్మజూపేవాడిని గుమ్మంలోంచే పంపించేయండి. సోలార్ మిగిల్చేది ముఖ్యంగా ఆ పై స్లాబు యూనిట్లనే, కింది స్లాబుల్లో మిగిలేది చిల్లర.

నేను పెట్టించింది 3 కిలోవాట్లు, బ్యాటరీ లేకుండా బయటి కరెంటు లైనుతో కలిసి పనిచేసే ఆన్‌గ్రిడ్ రకం. ఖర్చు రెండు లక్షల చిల్లర, అందులో 78,000 కేంద్రం సబ్సిడీ (పీఎం సూర్యఘర్, 2024లో మొదలైంది, 3 కిలోవాట్లు దాటి ఎంత పెట్టినా అంతే ఇస్తారు). సబ్సిడీ కావాలంటే ప్యానెళ్లు మన దేశంలో తయారైన సెల్స్‌తో చేసినవై ఉండాలి, డీసీఆర్ అంటారు, బిల్లు మీద ఆ మాట ఉందో లేదో చూసుకోండి. ఎండ బాగా కాసిన రోజు పన్నెండు యూనిట్ల వరకు వస్తాయి. ముసురు పట్టిందంటే మూడో నాలుగో వస్తే గొప్ప. ఇప్పుడు నా బిల్లు చాలా నెలలు ఆ పై స్లాబు మొహం చూడటం లేదు. ప్యానెళ్ల మీద నాకు ఫిర్యాదేమీ లేదు.

అసలు గొడవ కరెంటు పోయినప్పుడు. మిట్టమధ్యాహ్నం, నెత్తి మాడిపోయే ఎండ, మేడ మీద ప్యానెళ్లు తళతళలాడుతుంటాయి, ఇంట్లో ఫ్యాను ఆగిపోతుంది. పక్కింటి పెద్దమ్మ గోడ మీంచి చూసి, "ఏటి బాబూ, మేడంతా అద్దాలెట్టినావు, నీ ఫేనూ ఆగిపోనాదేటి?" అంది. ఆగాల్సిందే మరి. బయట లైను చనిపోగానే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోయేలా తయారు చేస్తారు, లేకపోతే ఎల్‌సీ తీసుకుని, అంటే లైను ఆపించుకుని, స్తంభం ఎక్కిన లైన్‌మేన్‌కి మన మేడ మీది కరెంటు వెనక్కి వెళ్లి కొడుతుంది. రూలు మంచిదే, నేను తప్పు పట్టను. కానీ మా ఊరికి కరెంటు తెచ్చే ఫీడర్ లైను మీద ఈదురుగాలి వచ్చినా జంపర్ (తీగల్ని కలిపే ముక్క) తెగుతుంది, కొబ్బరి మట్ట పడినా ట్రిప్ అవుతుంది, ఇక ఏమీ లేని రోజు మెయింటెనెన్స్ అని పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా తీసేస్తారు. అవన్నీ సరిగ్గా సోలార్ పండే గంటలు. వోల్టేజ్ బాధ ఇంకొకటి, లైను చివర ఉన్న ఇళ్లకి అది బాగా పడిపోయినా, ఎక్కువైనా ఇన్వర్టర్ కాసేపు పక్కకి తప్పుకుంటుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కి ఆ చివర ఎక్కడో ఉన్నవాళ్లు ముందు కొన్నాళ్లు వోల్టేజ్ కొలిపించుకుని ఆ తర్వాతే అడ్వాన్సు ఇవ్వండి.

వచ్చిన కరెంటు, పంపిన కరెంటు రెండూ లెక్కేసే నెట్ మీటర్ కోసం డిస్కమ్‌తో, అంటే కరెంటు పంపిణీ కంపెనీతో, ఒక ఒప్పందం మీద సంతకం పెట్టాలి. నేను చదివాకే పెట్టాను, ఎవరూ చదవరని అక్కడి కుర్రాడు నవ్వాడు. మనం పంపిన యూనిట్లు మనం వాడినవాటిలో కోసేస్తారు, మిగులుంటే దానికి ఇచ్చే రేటు మనం పై స్లాబుల్లో కొనే రేటు కన్నా బాగా తక్కువ, కాబట్టి అవసరానికి మించి ప్యానెళ్లు పెట్టించకండి. లైను లేక మన ప్యానెళ్లు ఊరికే పడి ఉన్న గంటలకి పైసా రాదు. ఇక్కడే నాకు మండుతుంది. బొగ్గు, గ్యాసు ప్లాంట్లతో డిస్కమ్‌లు రాసుకునే పీపీఏలు (కరెంటు కొనుగోలు ఒప్పందాలు) చూడండి, ధర రెండు భాగాలు. కాల్చిన ఇంధనానికి ఒక చార్జి, ప్లాంటు సిద్ధంగా ఉన్నందుకు ఇంకో చార్జి. ప్లాంటు రెడీగా ఉండి, మనం కరెంటు తీసుకోకపోయినా ఆ రెండోది కట్టాలి. చాలావరకు పాతికేళ్ల ఒప్పందాలు. వాళ్లకి నష్టం రాకుండా కాగితం కాపాడుతుంది, నా మేడకి ఆ కాగితం లేదు.

ఆ పాతికేళ్ల కాగితాన్ని మధ్యలో చింపుదామనుకున్నా అంత తేలిక కాదు. 2019లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం గాలి, సోలార్ కరెంటు రేట్లు మరీ ఎక్కువని సమీక్ష మొదలుపెట్టింది, యూనిట్ 4.84 రూపాయలకి ఒప్పుకున్న గాలి కరెంటుని 2.43కి ఇమ్మంది. కంపెనీలు కోర్టుకి వెళ్లాయి, చెల్లింపులు ఆగి బకాయిలు పెరిగాయి, 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందంలో ఉన్న రేటే కట్టమంది. ఈలోగా 2021 డిసెంబరులో కేంద్రం సోలార్ సంస్థ సెకీతో 7,000 మెగావాట్ల సోలార్‌కి యూనిట్ 2.49 చొప్పున మళ్లీ పాతికేళ్లకి సంతకాలు, దాని మీద రగడ ఇంకో కథ. రేటు ఎక్కువైనప్పుడు సంతకం పెట్టినవాళ్లు ఒకరు, దాన్ని మార్చాలని చూసినవాళ్లు ఇంకొకరు, కట్టేది మాత్రం మనం. డిస్కమ్ ఖర్చులో సింహభాగం కరెంటు కొనడానికే పోతుంది, అనుకున్న దానికంటే ఎక్కువైతే తర్వాత ట్రూ అప్ పేరుతో వస్తుంది. 2022-23లో కొన్న కరెంటు తాలూకు 6,072 కోట్లు 2024 డిసెంబరు నుంచి బిల్లుల్లో వేసుకోవడానికి రేట్లు నిర్ణయించే రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి (ఏపీఈఆర్‌సీ) అనుమతి ఇచ్చింది. అంటే ఒక ఇంట్లో ముందు అద్దెకున్నవాడు వేసుకున్న ఏసీకి రెండేళ్ల తర్వాత వచ్చినవాడు కట్టాలి. ఇంత కట్టాక కూడా మా ఊరి లైను కొబ్బరి మట్టకి పడిపోతుంది.

మా జిల్లావాళ్లకి కరెంటు ప్లాంట్ల మాటెత్తితేనే వేరే జ్ఞాపకాలు. థర్మల్ ప్లాంట్లు వద్దని చిత్తడి నేలలు కాపాడుకోబోతే, సోంపేట బీల కోసం 2010లో, కాకరాపల్లి తంపర కోసం 2011లో పోలీసు కాల్పులు జరిగి మనుషులు పోయారు, కొవ్వాడలో అణు కేంద్రానికని భూములు తీసుకున్నారు. సర్లెండి, రివ్యూలోకి వస్తాను.

పెట్టిన దుకాణం శ్రీకాకుళంలోది, పేరు చెప్పను. మనుషులు మర్యాదస్తులే, పని మాత్రం వెనకాల నిలబడి చేయించుకోవాలి. మొదట ప్యానెళ్లని పడమటి వైపు కొబ్బరిచెట్టు నీడ పడే చోట గుర్తులు పెట్టారు. ఒక ప్యానెల్ మీద నీడ పడినా ఆ వరసంతా దెబ్బతింటుందని వాళ్లకి తెలుసు, అయినా అటు వైరు తక్కువ పడుతుంది కదా. మేం పట్టుబడితే జరిపారు. ఇక స్టాండు సంగతి. జీఐ (జింకు పూత ఇనుము) చానెళ్లని డాబా మీద కాంక్రీటు దిమ్మల్లో ఊరికే నిలబెట్టి "బరువే ఆపేస్తుంది సార్, ఏం కాదు" అన్నారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకి 140-150 కిలోమీటర్లు, ఉండుండి 165 దాకా వచ్చింది, ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లతో పాటు కరెంటు స్తంభాలు వేలల్లో కూలాయి, చాలా ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. ఈ తీరంలో మేడ మీద రేకుల్లాంటి ప్యానెళ్లు పెట్టి బరువు మీద నమ్మకం పెట్టుకోమంటే ఎలా? నాన్నగారు నిచ్చెన తీసేసి కూర్చున్నాక, స్లాబులోకి యాంకర్ బోల్టులు దింపారు. ఎర్తింగ్ గుంటలు కూడా దగ్గరుండి తవ్వించండి, ఫొటో తీసుకోండి.

బిగించడం త్వరగానే అయింది, నెట్ మీటర్ రావడానికే వారాలు పట్టింది. ఈలోపు ఆన్ చేసుకోమని దుకాణంవాళ్లే అంటారు, చేయకండి, కొన్ని పాత మీటర్లు బయటికి పంపిన యూనిట్లని కూడా మనం వాడినట్టే లెక్కేస్తాయి. ఐదేళ్ల మెయింటెనెన్స్ ఒప్పందంలోనే ఉంటుంది, అది ఉచితం కాదన్నట్టు మాట్లాడితే కాగితం తీసి చూపించండి.

రేటింగ్ కావాలంటే ప్యానెళ్లకి 5కి 4, దుకాణానికి 3, మా ఊరి లైనుకి 1, అది కూడా వానలో స్తంభం ఎక్కే లైన్‌మేన్ మొహం చూసి.

బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ రకానికి కొటేషన్ అడిగాను, అదనంగా చెప్పిన అంకె విని ఊరుకున్నాను. ఇంట్లో మూలనున్న పాత మామూలు ఇన్వర్టర్‌కే కొత్త ట్యూబులర్ బ్యాటరీ వేయించాం, కరెంటు పోతే మూడు ఫ్యాన్లు, లైట్లు, వైఫై నడుస్తాయి. పెద్దమ్మ ఇంటికి కూడా ఒక లైటు వైరు లాగాం, సోలార్ కరెంటే అనుకుంటోంది, మేమూ చెప్పలేదు.