ఆటోక్రాస్ కారుకు ముందు ఇంజినా, షాకప్‌లా? మన మొరం నేల మీద ఏది మేలు?

మిర్యాలగూడ నుంచి జడ్చర్ల దాకా కార్ల మీద మోజున్న కుర్రవాళ్లు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: “అన్నా, ఆటోక్రాస్‌ల దిగాలంటే ముందుగాల ఇంజిన్ చేపియ్యాల్నా, షాకప్‌లు మార్పియ్యాల్నా?” ఆటోక్రాస్ అంటే గుర్తులు పెట్టిన చిన్న మలుపుల దారిలో గడియారంతో పోటీ పడి కారు నడపడం. అడిగేవారి దగ్గర ఉండేది పాత స్విఫ్టో, ఎస్టీమో, హోండా సిటీ వీటెక్కో, సెకండ్ హ్యాండ్‌లో కొన్న పోలో జీటీయో. చేతిలోని డబ్బు ఒక పెద్ద పనికి మాత్రమే సరిపోతుంది. పైగా ఆదివారం పోటీలో తిరిగిన ఆ కారే సోమవారం పొద్దున దుకాణానికో ఆఫీసుకో వెళ్లాలి. ఎవరికి వారికి విడిగా చెప్పే బదులు రెండు దారులనూ పక్కపక్కన పెట్టి చూడటం మంచిదనిపించి ఇది రాస్తున్నాను.

వీడియోల్లో కనిపించే సలహాల్లో ఎక్కువ భాగం తారు మీద, కాంక్రీటు మీద జరిగే పోటీలకు సంబంధించినవి. అమెరికాలో ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) నిర్వహించే సోలో అనే ఆటోక్రాస్ పోటీలు విశాలమైన పార్కింగ్ స్థలాల్లోనో, వాడకం తగ్గిన రన్‌వేల మీదనో శంకువులు పెట్టి జరుగుతాయి. ఒక శంకువు పడితే 2 సెకన్లు కలుపుతారు. అక్కడ మియాటా లాంటి, వెనుక చక్రాలతో నడిచే స్పోర్ట్స్ కారును కిందికి దించి, వెడల్పు టైర్లు వేసి, గట్టి స్ప్రింగులు బిగించడం సబబే. మన దగ్గర ఆటోక్రాస్ అంటే ఎక్కువగా మట్టి మైదానం. దక్షిణ తెలంగాణలో ఆ మట్టి గ్రానైటు శిల శిథిలమై ఏర్పడిన ఎర్ర చెలక, దాని మీద పరిచిన మొరం. ఉదయం మొదటి కార్లు వెళ్లేటప్పుడు పైన గోలీల్లా దొర్లే గులకపొర ఉంటుంది. మధ్యాహ్నానికి అది మలుపుల అంచులకు కొట్టుకుపోయి లోపలి గట్టి నేల బయటపడుతుంది. దుమ్ము లేవకుండా ట్యాంకరుతో నీళ్లు చల్లిస్తే కాసేపు బురద కూడా అవుతుంది. ఒకే రోజులో ఇన్ని రకాలుగా మారే నేల మీద ఏ మార్పు పనికొస్తుందో చూడాలి తప్ప తారు మీద ఏది గెలిచిందన్నది మనకు అంతగా అక్కరకు రాదు.

పైన చెప్పిన కార్లన్నీ ముందు చక్రాలతో నడిచేవే కాబట్టి నా దృష్టిలో తీర్పు చెప్పేది ఒక్కటే, మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు ముందు చక్రాలకు దొరికే పట్టు. ఒక చిన్న లెక్క చూడండి. 15 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో నేలకూ టైరుకూ మధ్య ఘర్షణ గుణకం 0.5 అయితే కారు జారకుండా తిరగగల గరిష్ఠ వేగం గంటకు 31 కిలోమీటర్ల దగ్గర ఆగుతుంది. గుణకాన్ని 0.6కు పెంచగలిగితే అదే మలుపులో దాదాపు 34 దొరుకుతుంది. మూడు కిలోమీటర్ల తేడా చిన్నదిగా కనిపించవచ్చు గానీ, ఒక పరుగులో సగానికి పైగా కాలం మలుపుల్లోనే గడిచే చోట ఆ తేడా ప్రతి మలుపులోనూ, దాని తర్వాతి ప్రతి తిన్నని దారిలోనూ కలిసి వస్తుంది. ఈ లెక్కలో ఇంజిన్ శక్తి మాటే లేదన్నది గమనించాలి.

అయినా ఇంజిన్ వైపు వాదనను తీసిపారేయలేం. ఈసీయూ రీమ్యాప్, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌లోని ప్రోగ్రాం మార్చడం, ఒక పూటలో అయిపోతుంది, పైకి ఏమీ కనిపించదు, పెడల్ నొక్కగానే తేడా తెలుస్తుంది. కానీ టర్బో లేని 1197 సీసీ స్విఫ్ట్‌లోనో, 1298 సీసీ ఎస్టీమ్‌లోనో రీమ్యాప్, సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్ అన్నీ కలిపి మార్చినా వచ్చే లాభం సాధారణంగా పది శాతం లోపే. సిటీ వీటెక్‌లో ఉన్న 106 హార్స్‌పవర్ పూర్తిగా బయటపడేది పై ఆర్‌పీఎంలో. మట్టి మైదానంలోని ఇరుకు దారిలో ముల్లు అంతదాకా వెళ్లి అక్కడే నిలబడే సందర్భాలు తక్కువ. అసలు ఇబ్బంది మరొకటి ఉంది: మొదటి గేరులో, చాలాసార్లు రెండో గేరులో కూడా, కంపెనీ ఇచ్చిన శక్తే మొరం మీద చక్రాలను తిప్పి వదిలేయడానికి సరిపోతుంది. ఉన్నదాన్నే నేలకు దించలేనప్పుడు కొత్తగా చేర్చినది దుమ్ముగా లేస్తుంది.

ఇది కళ్లతో చూడాలంటే పోటీ జరిగే చోట ఒక బిగువైన మలుపు బయటి అంచున, తాడుకు ఇవతల, కాసేపు నిలబడితే చాలు. కారు ఎడమకు తిరుగుతూ ఉంటుంది, బరువంతా కుడి ముందు చక్రం మీదికి ఒరుగుతుంది, ఎడమ ముందు చక్రం తేలికపడుతుంది. డ్రైవరు యాక్సిలరేటర్ నొక్కగానే ఆ తేలికైన చక్రం గిర్రున తిరిగి వెనక్కి గులకరాళ్లు చిమ్ముతుంది. ఇంజిన్ శబ్దం పైకి పోతుంది గానీ కారు కదలిక అంతే ఉంటుంది. ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకూ పంచే గేర్ల అమరిక, అంటే మామూలు డిఫరెన్షియల్, రెండింటికీ సమానమైన టార్కే (తిప్పే బలమే) ఇస్తుంది కాబట్టి, తేలిన చక్రం ఎంత మోయగలదో బరువు మీద ఉన్న చక్రానికి కూడా అంతే అందుతుంది. ఆ లోపలి చక్రాన్ని నేలకు అదిమి ఉంచే పని షాకప్‌లది, స్ప్రింగులది. నేను సస్పెన్షన్ వైపు మొగ్గడానికి మూలం ఇదే.

దుమ్ము సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇంజిన్ పనిలో మొదట చేతిలో పెట్టేది, కంపెనీ డబ్బా తీసేసి బిగించే ఓపెన్ ఎయిర్ ఫిల్టరే. మన ఎర్రనేలలో గ్రానైటు నుంచి వచ్చిన క్వార్ట్జ్ రేణువులు ఎక్కువ. అవి సిలిండర్ గోడల కంటే, పిస్టన్ రింగుల కంటే గట్టివి. మైదానం నుంచి వచ్చాక ఫిల్టర్ తీసి, ఇంజిన్ వైపు ఉన్న గొట్టం లోపల తెల్లటి గుడ్డతో ఒకసారి తుడిచి చూడండి. కంపెనీ కాగితం ఫిల్టర్ సరిగా కూర్చున్న కారులో గుడ్డ దాదాపు శుభ్రంగానే వస్తుంది. ఓపెన్ ఫిల్టర్‌కు నూనె సరిగా పట్టకపోయినా, క్లిప్పు కాస్త వదులుగా ఉన్నా గుడ్డ మీద ఎర్రటి గీత పడుతుంది. ఆ గీత కొన్నాళ్లకు ఇంజిన్ ఆయిల్ తాగడంగా, సైలెన్సర్ నుంచి నీలం పొగగా బయటపడుతుంది. పైగా బోనెట్ కింది వేడిగాలిని పీల్చే ఓపెన్ ఫిల్టర్ నల్లగొండ మే నెల ఎండలో ఉన్న శక్తిని కూడా కొంత తగ్గిస్తుంది.

ఇక సస్పెన్షన్. ఇక్కడ మనవాళ్లు చేయించే మొదటి పని కారును కిందికి దించడం, మన నేల మీద అది తలకిందుల పని. పొట్టి స్ప్రింగు వేస్తే చక్రం పైకి కదిలే చోటు తగ్గిపోతుంది. మలుపులో బయటి ముందు స్ట్రట్ (స్ప్రింగు, షాకప్ కలిసిన భాగం) అడుగుకు తగిలి రబ్బరు స్టాపర్ మీద కూర్చుంటుంది, ఆ క్షణంలో కారు ముందు భాగం రాయిలా బిగుసుకుపోతుంది, బరువు ఒక్కసారిగా బయటి చక్రం మీద పడి లోపలి చక్రం ఇంకా తేలిపోతుంది. అంటే తగ్గించాలనుకున్న లోపాన్నే డబ్బిచ్చి పెంచుకున్నట్టు. ఇంజిన్ కింది ఆయిల్ గిన్నె, అంటే సంప్, బండరాయికి తగిలే ప్రమాదం అదనం. మట్టి మీద కంపెనీ ఎత్తు ఉంచడం మేలు, ఒక వేలెడు పెంచినా నష్టం లేదు. సంప్ గార్డ్ మాత్రం తప్పనిసరి.

నేను చెప్పే వరుస ఇలా ఉంటుంది. ముందుగా స్ప్రింగుల జోలికి పోకుండా, అరవై డెబ్బై వేల కిలోమీటర్లు తిరిగిన పాత షాకప్‌లను తీసేసి మంచి గ్యాస్ షాకప్‌లు వేయించండి. వాటితోపాటు స్ట్రట్ మౌంట్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు (కీళ్ల దగ్గరి రబ్బర్లు) కొత్తవి పడాలి. బుష్ చిరిగిన కారుకు ఎంత ఖరీదైన షాకప్ వేసినా స్టీరింగ్ ఒక చోట నిలవదు. ఆ తర్వాత అలైన్‌మెంట్ చేయించి, ముందు చక్రాలకు అతి కొద్దిగా టో అవుట్ (చక్రాల ముందు అంచులు బయటికి తిరిగి ఉండటం) ఇప్పిస్తే మలుపులోకి ముక్కు తొందరగా తిరుగుతుంది, అయితే రోడ్డు మీద టైరు లోపలి అంచు కొంత త్వరగా అరుగుతుంది. వెనుక యాంటీ రోల్ బార్‌ను (కారు పక్కకు ఒరగకుండా రెండు వైపుల చక్రాలను కలిపే కడ్డీని) గట్టిపరచగలిగితే ముందు లోపలి చక్రం మీద ఇంకొంచెం బరువు నిలుస్తుంది. విడిగా ఆయిల్ డబ్బాలుండే ఖరీదైన ర్యాలీ షాకప్‌లను మాత్రం నేను ఎవరికీ సూచించను: అవి పదుల కిలోమీటర్ల ర్యాలీ స్టేజీలో ఆయిల్ వేడెక్కి పలచబడకుండా చూసేందుకు పుట్టినవి, ఒకటి రెండు నిమిషాల ఆటోక్రాస్ పరుగులో షాకప్ అంత వేడెక్కదు.

ఎస్‌సీసీఏ వారి స్ట్రీట్ తరగతి (దాదాపు కంపెనీ రూపంలోనే ఉన్న కార్ల తరగతి) నిబంధనలు చూస్తే ఆలోచన ఇదే దారిలో కనిపిస్తుంది. అక్కడ షాకప్‌లు మార్చుకోవచ్చు, ముందో వెనుకో ఒక యాంటీ రోల్ బార్ మార్చుకోవచ్చు, ట్రెడ్‌వేర్ (టైరు ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పే అంకె) 200కు తగ్గని టైర్లు వేసుకోవచ్చు. స్ప్రింగులు, ఈసీయూ మాత్రం కంపెనీవే ఉండాలి.

టైర్ల విషయంలో తారుకూ మట్టికీ సలహా పూర్తిగా తిరగబడుతుంది. తారు మీద వెడల్పు టైరు మేలు; గులకపొర మీద సన్నటి టైరు ఆ పొరను కోసుకుని కింది గట్టినేలను అందుకుంటుంది, వెడల్పుది పైనే తేలుతుంది. ఎంఆర్ఎఫ్, జేకే టైర్ కంపెనీలు మట్టి ర్యాలీ టైర్లు చేస్తాయి, ఒక సెట్టు కొనగలిగితే మరో ఆలోచన అక్కర్లేదు. లేదంటే కంపెనీ సైజులోనే లోతైన గాడులున్న కొత్త టైర్లు, అవీ ఇనుప రిమ్ముల మీద. రాయి తగిలితే ఇనుప రిమ్ము వంగుతుంది, సుత్తితో సరిచేసుకుని ఇంటికి రావచ్చు, అల్లాయ్ పగులుతుంది. పట్టు కోసమని గాలి మరీ తగ్గించకండి, పక్కకు జారేటప్పుడు టైరు అంచు రిమ్మును వదిలేస్తుంది.

ఒక చక్రం మాత్రమే ఉత్తినే తిరగకుండా ఆపే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ నిజానికి ఆ తేలిన లోపలి చక్రం జబ్బుకు నేరుగా మందు. గేరు రకానిది నిశ్శబ్దంగా, మెత్తగా పనిచేస్తుంది, కానీ లోపలి చక్రం పూర్తిగా గాలిలోకి లేస్తే దాని ప్రభావం దాదాపు పోతుంది. ప్లేట్ల రకానిది అప్పుడు కూడా పట్టుకుంటుంది, కానీ అరుగుతుంది, స్టీరింగ్‌ను చేతిలోంచి లాగుతుంది. గేర్‌బాక్స్ మొత్తం దించాలి, విడిభాగాలు దూరం నుంచి తెప్పించాలి. షాకప్‌లు, టైర్లు కుదిరాక రెండో ఏటికి మంచి ఖర్చు అదే, ఇంజిన్ కంటే ముందు.

బరువు తగ్గించడానికి స్టెప్నీ, జాకీ, వెనుక సీటు తీసేస్తే చాలు. ఫైబర్ బోనెట్ ఈ స్థాయికి అక్కర్లేదు. బకెట్ సీటు సౌకర్యమే, హైడ్రాలిక్ హ్యాండ్‌బ్రేక్ సరదా.

చట్టం కూడా ఈ తూకంలో ఒక వైపు బరువు వేస్తుంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ నాలుగో ఉపవిభాగం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, 6 నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చంటుంది. కంపెనీ కొలతకు సరిపోయే షాకప్‌లు, కంపెనీ సైజు టైర్లతో ఈ చిక్కు చాలావరకు ఉండదు. టీఎస్ 05 ప్లేటుతో రోజూ జాతీయ రహదారి 65 ఎక్కే కారుకు పెద్ద శబ్దం చేసే సైలెన్సర్, ఇంజిన్ మార్పిడి అలా కావు.

ఇంజిన్ పక్షానికి నేను ఒప్పుకునే మినహాయింపు టర్బో కారు. పోలో జీటీ టీఎస్ఐలో రీమ్యాప్ వల్ల వచ్చే టార్క్ పెరుగుదల మాటవరసకు చెప్పుకునేది కాదు, పోటీ తారు మీద అయితే అది గడియారంలో కనిపిస్తుంది. కానీ 1.2 లీటర్ల ఇంజిన్ ఉన్నదానిలోని ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) పొడి క్లచ్‌లది, దాని పరిమితి 250 న్యూటన్ మీటర్లు. కంపెనీ ఇచ్చినది 175. ఆ మధ్యనున్న చోటంతా రీమ్యాప్‌తో నింపి, మొరం మీద మళ్లీ మళ్లీ నిలిచిన చోటి నుంచి లాంచ్ చేస్తే క్లచ్‌లు వేడెక్కుతాయి. కాబట్టి పోలో ఉన్నవారు కూడా తారు పోటీలకు వెళ్లే ఉద్దేశం ఉంటేనే మ్యాప్ గురించి ఆలోచించడం మంచిది, అదీ షాకప్‌లు పడ్డాక. మట్టికే పరిమితమైతే ఆ డబ్బుతో నాలుగు ఇనుప రిమ్ములు, వాటికి ర్యాలీ టైర్లు కొని, పోటీ రోజున మాత్రం బిగించుకుని, సాయంత్రం పాత చక్రాలు వేసుకుని ఇంటికి రావచ్చు.