బౌలార్డి క్యాప్సూల్స్: లైమ్ మందులు వాడేవాళ్లకు పనికొస్తాయా?

లైమ్ వ్యాధికి (పిడుదు పురుగు కాటుతో వచ్చే బ్యాక్టీరియా జబ్బు) డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్ వేసుకుంటూ విరేచనాలతో నీరసపడేవాళ్లకు ఈ 250 మి.గ్రా. క్యాప్సూల్ మంచి ఆసరా. ఇందులో ఉన్నది బౌలార్డి అనే ఈస్ట్, అంటే ఒక రకం ఫంగస్, కాబట్టి యాంటీబయోటిక్‌కు చావదు. ఫంగస్ మందులకు మాత్రం చస్తుంది. మింగలేకపోతే విప్పి చల్లటి నీళ్లలో కలపొచ్చు. వేడి పాలలో కలిపితే వృథా. జబ్బును తగ్గించదు, పొట్టను కాస్తుందంతే.

కాల్షియం, జింక్ చేర్చిన రకం కొనకండి. అవి డాక్సీసైక్లిన్‌ను పట్టేసి ఒంటికి పట్టనివ్వవు. ఇప్పటికే కొనేస్తే మాత్రకు రెండు మూడు గంటల ఎడం ఇవ్వాలి.

సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలో పెట్టే సన్నటి గొట్టం) ద్వారా సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయోటిక్ ఎక్కించుకునేవాళ్లు దీన్ని అస్సలు వాడకూడదు. వాళ్ల దగ్గర కూర్చుని ఇంకొకరు క్యాప్సూల్ విప్పినా ప్రమాదమే: ఆ పొడి లైన్‌కు అంటుకుని ఈస్ట్ రక్తంలోకి చేరొచ్చు. డబ్బా మీద అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉండాల్సిన హెచ్చరిక ఇదే.