పేరు దాచడానికి హ్యాషా, ర్యాండమ్ నంబరా?

న్యూయార్క్ ట్యాక్సీ ప్రయాణాల డేటా 2014లో బయటికొచ్చినప్పుడు ట్యాక్సీ, లైసెన్సు నంబర్లు ఎండీ5 అనే హ్యాష్‌లో ఉన్నాయి. హ్యాష్ అంటే ఒక స్థిరమైన లెక్కతో నంబరును గుర్తుపట్టలేని కోడుగా మార్చడం. ఏ ఫైల్లోనైనా ఒకే నంబరుకు ఒకే కోడు రావడం హ్యాష్‌లో సుఖం. చిక్కూ అక్కడే. ఆ నంబర్ల నమూనాలు పరిమితం. సాధ్యమైనవన్నీ హ్యాష్ చేసి పోల్చేసరికి అసలువి గంటల్లోనే దొరికిపోయాయి. పది అంకెల ఫోన్ నంబరుకైనా ఇదే గతి. హ్యాష్ చేసేటప్పుడు రహస్య కీ (మనకే తెలిసిన సంకేతం) కలిపితే మెరుగే, అది లీకయ్యేదాకా.

ర్యాండమ్ నంబరుకు అసలు దానితో లెక్క సంబంధమే ఉండదు. ఏ అసలు నంబరుకు ఏ ర్యాండమ్ నంబరిచ్చామో చూపే జత పట్టికను విడిగా భద్రపరచాలి, లేదా చెరిపేయాలి. చెరిపేస్తే వచ్చే ఏడాది ఫైలుతో కలపలేం. అయినా నా ఓటు దీనికే.

ఎక్కిన చోటు, నిమిషం యథాతథంగా వదిలేస్తే మాత్రం రెండూ దండగే. ఎవరో ట్యాక్సీ ఎక్కుతున్న ఫొటో ఒక్కటి చాలు, దిగిన చోటు తెలిసిపోతుంది. అక్షాంశ రేఖాంశాల బదులు జోన్ నంబరివ్వండి, వేళను గంటకు కుదించండి.