‘అరవై చెట్ల ప్యాక్’ కొనకండి, నేను కొని మోసపోయాను

ఇళ్లకి, లేఅవుట్లకి త్రీడీ వాక్‌త్రూలు (కట్టకముందే అందులో నడిచి చూసినట్టు చూపించే కంప్యూటర్ వీడియోలు) చేసుకునే మిత్రులకి ఒక హెచ్చరిక. మెసేజ్ గ్రూపుల్లో ‘మన దేశపు చెట్లు, 60 మోడల్స్’ అంటూ త్రీడీ చెట్ల ప్యాక్ ఒకటి తిరుగుతోంది. దయచేసి కొనకండి. నేను 3,800 రూపాయలు పెట్టి కొన్నాను. డబ్బు పోవడం ఒక్కటే అయితే ఊరుకునేవాణ్నేమో. అందులో ఉన్నది ఇంకొకరి కష్టం అని తెలిశాక ఊరుకోలేకపోతున్నాను.

నేను శ్రీకాకుళంలో ఈ పని చేస్తున్నాను. మొన్నామధ్య కవిటి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు, కొత్త ఇల్లు కట్టుకుంటున్నారు. ఇంటి గురించి ఆయన రెండు మాటలే చెప్పారు, తోట గురించి మాత్రం గంటసేపు మాట్లాడారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో ఎన్ని కొబ్బరి చెట్లు, జీడి చెట్లు కూలిపోయాయో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. ఆయన తోట కూడా అందులోనే పోయింది. “పాత తోట ఎలగుండేదో అలగే సూపించు బాబూ, సాలు” అన్నారు.

కాబట్టి నాకు కొబ్బరి, జీడిమామిడి, పనస కావాలి. బయట పెద్ద సైట్లలో వెతికితే ఓక్, పైన్, మేపుల్ కావలసినన్ని ఉన్నాయి. కొబ్బరి ఉన్నా, బీచ్ రిసార్టు బొమ్మలో ఉండే వంకర చెట్టే. జీడిమామిడి దొరకనే లేదు. అదే వారంలో ఒక గ్రూపులో ఈ ప్యాక్ కనిపించింది. బొమ్మలు చూస్తే నిజంగా చాలా బాగున్నాయి. మంచి ఆర్టిస్టు దగ్గర ఒక్క చెట్టే వెయ్యి, పదిహేను వందలు ఉంటుంది. అరవై చెట్లు 3,800కి ఎలా వస్తాయని అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. డెడ్‌లైన్ టెన్షన్‌లో యూపీఐలో పంపేశాను.

జిప్ ఫైలు వచ్చింది. కొబ్బరి చెట్టు తెరవగానే కంప్యూటర్ బిగుసుకుపోయింది. ఒక్క చెట్టుకే 38 లక్షల పాలీగాన్లు (మోడల్‌ని కూర్చే చిన్న చిన్న పలకలు)! తోటంతా నాటడం మాట అటుంచి, ఒక్కదాన్ని తిప్పి చూడడమే కష్టమైంది. పనస చెట్టుకి ఒపాసిటీ మ్యాప్ (ఆకు చుట్టూ ఉన్న ఖాళీని కనబడకుండా చేసేది) లేదు, ప్రతి ఆకు చుట్టూ నల్లటి చతురస్రం. వేపచెట్టు 180 మీటర్ల ఎత్తు వచ్చింది. ఎవరో ఎక్కడెక్కడి ఫైళ్లో తెచ్చి, తెరిచి కూడా చూడకుండా ఒక సంచిలో పోసి అమ్మేశారు.

ఎలాగో తంటాలు పడి కొబ్బరిని తేలిక చేసి, ఒక రెండర్ (మోడల్ నుంచి తీసిన పూర్తి బొమ్మ) తీసి పెద్దాయనకి చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, “ఇదేటి బాబూ, కొబ్బరిసెట్టా? ఈతసెట్టులాగుంది గదా!” అన్నారు. ఇంటికి వచ్చి దగ్గరగా చూస్తే ఆయన చెప్పిందే నిజం. కొబ్బరి మట్టకి రెండువైపులా ఉండే ఆకులు ఇంటి కప్పులా కిందికి మడిచినట్టు ఉంటాయి. ఈతాకులు దోసిలిలా పైకి తెరుచుకుంటాయి, మట్ట మొదట్లో ముళ్లుంటాయి. ఈత మట్టలు తెచ్చి పొడుగాటి కాండానికి తగిలించి, కొబ్బరి గెలలు వేలాడదీశారు. తోట పోగొట్టుకున్న మనిషికి నేను అది చూపించాను. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

ప్యాక్ మొత్తంలో జీడిమామిడి ఒక్కటే అద్భుతంగా ఉంది. నేలకి వాలిన కొమ్మలు, కొమ్మ చివర గుత్తులుగా గుండ్రటి ఆకులు, పండు కింద బయటికి వేలాడే గింజ, అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇంత తేడా ఎందుకుందని బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో దాని టెక్స్చర్లు (బెరడు, ఆకుల మీద అతికించే ఫోటోలు) ఎక్కడి నుంచి వస్తున్నాయో చూశాను. ఫైలు తయారు చేసినవాళ్ల కంప్యూటర్లోని ఫోల్డర్ దారి అలాగే ఉండిపోయింది. అందులో ఒక పేరు, పక్కన ‘పలాస జీడి’ అని. ప్రివ్యూ బొమ్మని ఇమేజ్ సెర్చ్‌లో పెడితే అసలు మనిషి దొరికాడు. విజయనగరం కుర్రాడు. ఒక్కడే చెట్ల మోడల్స్ చేసి అమ్ముకుంటున్నాడు.

ఫోన్ చేసి మాట్లాడాను. జీడిపళ్ల కాలంలో రైలెక్కి పలాస వెళ్లి, తోటల్లో బెరడు నలువైపులా ఫోటోలు తీసుకున్నాడట. ఆకులు తెల్లకాగితం మీద పరిచి, పైవైపు ఒకసారి, అడుగువైపు ఒకసారి తీశాడట. ఆ ఒక్క చెట్టుకి రెండు నెలలు పట్టింది. 1,400కి అమ్ముతున్నాడు. “నెలకి నాలుగైదు పోయేవన్నా. ఈ ప్యాక్ వచ్చాక ఒక్కటీ పోలేదు” అన్నాడు. ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

ప్యాక్ అమ్మినవాణ్ని అడిగితే మొదట “కమర్షియల్‌కి కూడా ఓకే బ్రో” అన్నాడు. లైసెన్సు పంపమన్నాను. బ్లాక్ చేశాడు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పి, పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టాను. డబ్బు ఇంకా రాలేదు. ఇలాంటివి జరిగితే 1930కి వెంటనే ఫోన్ చేయాలి, ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. నేను నాలుగు రోజులు ఆలస్యం చేశాను.

డబ్బిచ్చి కొన్నాం కదా, మనకేం భయం అనుకోకండి. దొంగ సరుకుకి డబ్బు కట్టినంత మాత్రాన వాడుకునే హక్కు రాదు. తెలిసి తెలిసి ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా అని 1957 కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ అంటోంది. ఉచితంగా దొరికేవాటిలో కూడా ‘నాన్ కమర్షియల్’ అని రాసినవి ఉంటాయి. వాటిని క్లయింటు పనికి వాడకూడదు, ఇలా ప్యాకుల్లో అమ్మనూ కూడదు.

ఇకమీదట నేను కొనేముందు వైర్‌ఫ్రేమ్ బొమ్మ (మోడల్ గీతల అల్లిక మాత్రమే కనిపించేది), పాలీగాన్ల లెక్క అడుగుతాను. సొంతంగా చేసినవాళ్లు అడగకముందే చూపిస్తారు. “ఈ చెట్టు ఎక్కడ చూసి చేశారు?” అని కూడా అడుగుతాను. నా దృష్టిలో దీన్ని మించిన పరీక్ష లేదు. చేసినవాడైతే ఆ చెట్టు గురించి ఆపకుండా చెబుతాడు. లైసెన్సు రాతలో ఉండాలి, చాట్‌లో ‘ఓకే’ చాలదు.

ప్యాక్ తీసేసి, ఆ కుర్రాడి దగ్గరే జీడిమామిడి మళ్లీ కొన్నాను. కొబ్బరి కూడా చేయిస్తున్నాను, పెద్దాయన ఇంకో నెల ఆగుతానన్నారు.

మీలో ఎవరి దగ్గరైనా ఇప్పటికే జీడిమామిడి మోడల్ ఉంటే కాండం మొదట్లో దగ్గరగా చూడండి. బొటనవేలంత తెల్లటి సున్నం మరక ఉంటుంది. పలాసలో ఆ చెట్టుకి నిజంగా ఉన్న మరకే అది, ఫోటోతో పాటు వచ్చేసింది. అది కనబడి, మీరు కొన్నది అతని దగ్గర కాకపోతే, వాడడం ఆపి నాకు మెసేజ్ పెట్టండి. ఎవరు అమ్మారో, ఏ తేదీన కొన్నారో స్క్రీన్‌షాట్లు ఉంటే పంపండి. అన్నీ కలిపి ఫిర్యాదుకి జతచేస్తున్నాం.