పొడుపు కథ విప్పితే పునుకులు ఫ్రీ: కాలవ గట్టు పాక హోటల్ రివ్యూ

రావులపాలెం నుంచి అమలాపురం వెళ్లే దారిలో కాలవ గట్టు మీద ఒక పాక హోటల్ ఉంది. పేరు రాసిన బోర్డు లేదు. ఉన్న ఒక్క బోర్డు మీద రోజుకో పొడుపు కథ రాసి ఉంటుంది. దిబ్బరొట్టె బాగుంటుందని చాలామంది చెప్తారు, బాగుంటుంది కూడా, కానీ నేను ఈ రివ్యూ రాస్తున్నది ఆ బోర్డు కోసమే. ముక్కూమొహం తెలియని పదిమందిని పొద్దున్నే ఒక చిన్న ప్రశ్నతో ఒకచోట నవ్వించే హోటల్ మన వైపు ఇంకోటి నేను చూడలేదు.

ముందు అక్కడి పద్ధతి చెప్తాను, ఎందుకంటే మజా అంతా అందులోనే ఉంది. పాత తలుపు చెక్కకి నల్ల రంగేసి గుంజకి కట్టారు. సుద్దముక్కతో పెద్ద అక్షరాల్లో ఈ రోజు ప్రశ్న, కింద మూలగా చిన్న అక్షరాల్లో నిన్నటి జవాబు. ఈ రోజు జవాబు ఈ రోజు చెప్పరు, ఎంత బతిమాలినా చెప్పరు. మొదట విప్పినవాళ్లకి ప్లేటు పునుకులు ఫ్రీ. అయితే జవాబు పైకి అరవకూడదు, పెనం దగ్గరున్న బాబాయి చెవిలో చెప్పాలి. ఈ చెవిలో చెప్పే రూలు పెట్టినాయనకి దండం పెట్టాలి. పొడుపు కథ దగ్గర పెద్ద గొడవేంటంటే, తెలిసినవాడు ఒకడుంటాడు, మిగతావాళ్లు నోరు తెరిచేలోపే జవాబు చెప్పేసి ఆట పాడుచేస్తాడు. ఇక్కడ ఆ పప్పులు ఉడకవు. తెలిసినాయన చెవిలో చెప్పి, నవ్వుకుంటూ వచ్చి కూర్చుంటాడు, ఆ నవ్వు చూసి పక్కవాళ్లకి ఇంకా పట్టుదల పెరుగుతుంది.

ఇంకోటి, దిబ్బరొట్టె తొందరగా అయ్యే టిఫిన్ కాదు కదా. మందపాటి మూకుట్లో మినప్పిండి వేసి, మూతపెట్టి, సన్నసెగ మీద అడుగు ఎర్రగా కరకరలాడేదాకా కాల్చాలి, లోపల మెత్తగా ఉడకాలి. ఇరవై నిమిషాలు, ఒక్కోసారి అరగంట కూడా పడుతుంది. ఆ టైములో జనం వేరే హోటల్లో అయితే ఫోన్లు చూసుకుంటారు, లేదా "ఎంతసేపండీ" అని విసుక్కుంటారు. ఇక్కడ బోర్డు వైపు చూస్తారు. రొట్టె వచ్చేసరికి "అప్పుడే అయిపోయిందా, ఆగండి బాబాయి గారూ" అన్నవాళ్లని నేను చూశాను.

నేను వెళ్లిన ఒకరోజు బోర్డు మీద ఇది ఉంది:

అమ్మ కడుపున పడ్డాను, అంత సుఖాన ఉన్నాను,
నీచే దెబ్బలు తిన్నాను, నిలువునా ఎండిపోయాను,
నిప్పుల గుండం తొక్కాను, గుప్పెడు బూడిదనయ్యాను.

మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, తెలియనివాళ్లు ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. అక్కడ ఒక ఆటో ఆయన దీన్ని పైకి చదివి, చివరికొచ్చేసరికి గొంతు తగ్గించేసి, "ఇంకేటండీ, ఆడజన్మే" అన్నాడు. పక్క బల్ల మీద ఎవరో "ఇటుక" అన్నారు, ఇటుక కాలితే గట్టిపడుతుంది గానీ బూడిదవుతుందా అని ఇంకొకాయన లాజిక్ తీశాడు. లోపల పచ్చడి నూరుతున్న మామ్మగారు ఇదంతా వింటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. చివరికి ఒక స్కూలు కుర్రాడు వెళ్లి చెవిలో చెప్పాడు, పునుకులు పట్టాడు. మర్నాటి బోర్డులో జవాబు: పిడక.

ఇప్పుడు ఆ మూడు పాదాలు మళ్లీ చదవండి. అమ్మ అంటే ఆవు. దెబ్బలంటే గోడకి చరచడం. నిలువునా ఎండడం, పొయ్యిలోకి వెళ్లడం, బూడిద, ఒక్కటీ అబద్ధం కాదు. ఒక మనిషి కష్టాలన్నీ పిడకకి అంటగట్టి, మన చేత అయ్యో అనిపించి, ఆఖర్న పేడ దగ్గరికి తీసుకొచ్చి నిలబెడుతుంది. ఎవరు కట్టారో తెలియని ఇలాంటి వాటిలో ఉన్న తెలివి నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. పైగా పడ్డాను, తిన్నాను, తొక్కాను అని ప్రాస ఉంది కాబట్టి ఒకసారి వింటే నోటికి వచ్చేస్తుంది, ఇంటికెళ్లి ఇంకొకరి మీద ప్రయోగించొచ్చు.

అన్నీ అంత గట్టివి పడవు. కొబ్బరికాయది రాసినరోజు బోర్డు తేలిపోయింది. చెట్టు చివర ఉంటుంది గానీ పక్షి కాదు, మూడు కళ్లుంటాయి గానీ శివుడు కాదు, నారబట్టలు కడుతుంది గానీ ముని కాదు, నీళ్లు మోస్తుంది గానీ కుండా కాదు, మబ్బూ కాదు. సంస్కృతంలో శ్లోకంగా కూడా ఉన్న పాత ప్రశ్న ఇది, చాలా గొప్పది, కానీ పాక చుట్టూ కొబ్బరితోటలే ఉన్న ఊళ్లో అడిగితే ఎలా? చెట్టు చివర అనగానే అందరూ తలెత్తి పైకి చూశారు. ఇదే ప్రశ్న ఏ మెట్ట ఊళ్లోనో అయితే కాసేపు నిలబడేది.

దీనికి తిరగేసి, పిల్లలకి బొత్తిగా అందనివి కొన్ని ఉంటాయి. "తోకలేని పిట్ట తొంభై ఆమడలు పోతుంది" అని రాస్తే పెద్దవాళ్లందరూ వెంటనే ఉత్తరం అన్నారు, ఇంటర్ చదివే పిల్లలు మాత్రం విమానం, డ్రోను, వాట్సాప్ మెసేజీ దాకా వెళ్లారు. మెసేజీ అన్న అమ్మాయికి కూడా బాబాయి పునుకులు ఇచ్చాడు, నాకు చాలా నచ్చింది, ఎందుకంటే ఆ జవాబు తప్పు కాదు. "అడవిలో పుట్టింది, అడవిలో పెరిగింది, మా ఇంటికొచ్చింది, తైతక్కలాడింది" అన్న చల్లకవ్వం ప్రశ్నకీ ఇదే గతి. ఇంట్లో కవ్వమే లేని పిల్లాడు ఏం చెప్తాడు పాపం. అదే "నల్లకుక్కకి నాలుగు చెవులు" అంటే లవంగం అని మసాలా డబ్బా చూసిన ఎవరైనా చెప్తారు. నా సలహా, పిల్లలు ఎక్కువ వచ్చే సెలవురోజుల్లో లవంగం, నీడ, కనురెప్పలు లాంటివి రాసి, కవ్వం, ఉత్తరం పెద్దవాళ్ల కోసం మామూలు రోజుల్లో పెడితే బాగుంటుంది.

ఇక తింగరి ప్రశ్నలు. ఇవి బోర్డు మీద ఉండవు, సర్వ్ చేసే కుర్రాడి నోట్లో ఉంటాయి. ప్లేటు పెడుతూ "తాగలేని రసం ఏంటండీ?" అంటాడు, మనం గుటక మింగేలోపే "నీరసం" అనేసి వెళ్లిపోతాడు. తినలేని వడ? గొడవ. పెట్రోలు లేకుండా ఊరంతా తిరిగే కారు? పుకారు. తోడు పెట్టలేని పాలు? పాపాలు. చెట్టుకి కాయని కాయ? లెంపకాయ. ఇవి గొప్ప జోకులని నేను అనను, విన్నవెంటనే "ఛీ, ఇదేం జోకురా" అనిపిస్తాయి, అయినా నవ్వొస్తుంది. అన్నీ ఒకే కిటుకు మీద నడుస్తాయి, పెద్ద మాట తోకలో దాక్కున్న చిన్న మాటని పట్టి లాగడమే. కిటుకు తెలిశాక ఊరుకోలేం. నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒకరు, తెల్ల పంచె, చాలా సీరియస్ మనిషి, కాఫీ తాగుతూ తాగుతూ ఉన్నట్టుండి "పాదరసం కూడా తాగలేం కదండీ" అన్నారు. కుర్రాడు ఒక్క క్షణం ఆగి, "ఆయ్, అది మీరే కొట్టారండి" అని ఆయనకి ఇంకో గరిటె అల్లం పచ్చడి వేశాడు.

మన వైపు ప్రశ్నలు కూడా అప్పుడప్పుడు పెడతారు, నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి అవే. "రావణుడు లేని లంక ఏది?" అని రాసినరోజు హోటల్ హోటలంతా లేచింది. గోదావరి పాయల మధ్య ఎన్ని లంకలు మనకి! ఊడిమూడిలంక అని ఒకరు, కేదారిలంక అని ఒకరు, లంకల గన్నవరం అంటే పేరులోనే బోలెడు లంకలున్నాయి కదా అని ఇంకొకరు. వరదొస్తే పడవ తప్ప దారి లేని లంకలో ఉండే ఆవిడ ఒకావిడ, "మా లంకకి రావణుడు లేడు సరే, వారధి కట్టడానికి రాముడు కూడా రాలేదండీ" అంది. ఆ రోజు పునుకులు ఆవిడకే. వెటకారం మన గోదావరి నీళ్లలోనే ఉందంటారు కదా, తడికకి అంటించిన రెండు ఫోటోలు చూస్తే నిజమే అనిపిస్తుంది. ఒకటి పాలకొల్లు అల్లు రామలింగయ్యది, రెండోది రాజమండ్రి రాజబాబుది. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణ ఫోటో కూడా పెట్టమని నేను బాబాయితో చెప్పాను, దొరికితే పెడతానన్నాడు.

నచ్చనిది కూడా చెప్పాలి. ఆదివారం బోర్డు నాకు అస్సలు నచ్చలేదు. ఆ రోజు పొడుపు కథ ఉండదు, ఫోన్లో వచ్చిన జోకు ఏదో ఒకటి దించేస్తారు. భార్య నోరు, అత్తగారి పోరు, లావుగా ఉన్నవాళ్లు, నల్లగా ఉన్నవాళ్లు, ఇవే. భార్యాపిల్లలతో వచ్చినాయన ఆ బోర్డు చదివి పక్కకి చూడలేక ఇబ్బంది పడ్డాడు, ఆవిడ తలొంచుకుని తినేసి లేచింది. మిగతా రోజుల్లో ఎవరినీ నొప్పించకుండా పిడక మీద, లవంగం మీద, పుకారు మీద అంత నవ్వు పుట్టిస్తున్నప్పుడు ఈ అరువు జోకులు ఎందుకు? ఈ మాట బాబాయికి ముఖానే చెప్పాను. "ఆదివారం రద్దీ అండీ, ఆలోచించడానికి టైముండదు" అన్నాడు. టైము లేకపోతే పాతదే ఒకటి మళ్లీ రాయండి, ఆదివారం వచ్చే జనం వేరే కాబట్టి ఎవరూ ఏమీ అనుకోరు.

ఇంకో చిన్న సంగతి, కొంతమంది బోర్డు ఫోటో తీసి జవాబుతో సహా స్టేటస్ పెట్టేస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఫోటో పెట్టుకోండి, జవాబు మాత్రం మర్నాటిదాకా ఆపండి.

తిండి గురించి: దిబ్బరొట్టె తప్పకుండా తినండి, చెరుకు పానకంతో ఇంకా బాగుంటుంది. పెసరట్టు పర్వాలేదు. ఇడ్లీ మామూలే, దానికోసం ఆగక్కర్లేదు. కాఫీ చిక్కగా ఉంటుంది కానీ పంచదార ఎక్కువ, ముందే చెప్పుకోవాలి. రేట్లు ఊరి రేట్లే. పొద్దున్నే వెళ్తే బల్ల దొరుకుతుంది, తొమ్మిది దాటితే నిలబడాలి. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లే జనం ఈ దారిన పోటెత్తుతారు, ఆ రోజు మాత్రం బోర్డు చూసే తీరిక ఎవరికీ ఉండదు, వెళ్లకండి. వానాకాలంలో జల్లు కొట్టి అక్షరాలు చెరిగిపోతున్నాయి, పైన చిన్న రేకు ముక్క కొడితే సరిపోతుంది.

ఈ పొడుపు కథలన్నీ ఎక్కడివని అడిగితే బాబాయి లోపలికి చెయ్యి చూపించాడు. పచ్చడి నూరే మామ్మగారు ఆయన అమ్మగారు. చిన్నప్పుడు ఊడుపులకి వెళ్లినప్పుడు, నడుం వంచి నాట్లు వేస్తూ ఆడవాళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు వేసుకున్నవట అవన్నీ. ఈ వరసలో వాళ్లు వేస్తే ఆ వరసలో వీళ్లు విప్పాలి, విప్పలేకపోతే పొద్దుగూకేదాకా ఎగతాళి. కాగితం మీద ఒక్కటీ లేదు, అన్నీ ఆవిడ నోట్లోనే ఉన్నాయి. పక్కన ఒక నోటుబుక్కు పెట్టి, రాసిన ప్రతిదీ తేదీ వేసి ఎక్కించమని బాబాయిని గట్టిగా అడిగాను, మీరు వెళ్లినప్పుడు మీరూ అడగండి, పదిమంది అడిగితే కదులుతాడు. మామ్మగారు పచ్చడి నూరడం అయ్యాక బయట అరుగు మీదకి వచ్చి కూర్చుంటుంది. మీ అమ్మమ్మ దగ్గర విన్నది ఏదైనా ఉంటే ఆవిడకి వేయండి. ఆవిడ విప్పలేకపోతే మర్నాడు బోర్డు మీద మీదే ఉంటుంది, కింద మీ ఊరి పేరు కూడా రాస్తారు.