ట్వీడ్ జాకెట్టా, చోర్ జాకెట్టా: చేతిపనికి డబ్బు పెట్టాలంటే ఏది మేలు?

పల్లెల్లో పనిచేసేవాళ్ల బట్టల్లోంచి పుట్టిన మగవాళ్ల జాకెట్లు ఈమధ్య "హ్యాండ్‌మేడ్" ట్యాగ్‌తో తెగ వస్తున్నాయి కదా, వాటిలో చాలామంది తేల్చుకోలేక ఆగిపోయేది రెండింటి దగ్గర. ఒకటి ట్వీడ్ అనే ముతక ఉన్ని గుడ్డతో కుట్టే బ్రిటన్ పల్లెల జాకెట్, ఇంకోటి ఫ్రాన్స్‌లో రైతులు, కూలీలు వేసుకున్న నీలం చోర్ జాకెట్ (చోర్ అంటే దొంగ కాదు, ఇంగ్లీషులో రోజువారీ పని). నా మాట ముందే చెప్పేస్తా. చేతిపనికని ఎక్కువ డబ్బు పెట్టదలుచుకుంటే ట్వీడ్‌లో పెట్టండి, అదీ లోపల కాన్వాస్, అంటే ఆకారం నిలబెట్టే గుడ్డ పొర వేసి కుట్టిన దాంట్లో. చోర్ జాకెట్ మీద మనసు పడితే మంచి గుడ్డ, గట్టి మిషన్ కుట్టు చూసి తీసుకోండి, అంతేగానీ దాన్ని మొత్తం చేత్తో కుట్టాం అని రెండింతలు అడిగితే మాత్రం ఇవ్వకండి.

ముందు ట్వీడ్ గుడ్డ సంగతి. ట్వీడ్‌లో చాలా రకాలున్నా హ్యారిస్ ట్వీడ్‌కి ఏకంగా చట్టమే ఉంది, 1993లో బ్రిటన్ పార్లమెంటు చేసింది. స్కాట్లాండ్ పడమటి అంచున ఉండే ఔటర్ హెబ్రిడీస్ దీవుల్లోనే ఉన్నికి రంగు అద్దాలి, అక్కడే వడకాలి, అక్కడి నేతగాళ్లు తమ ఇళ్ల దగ్గరే నేయాలి, ఫినిషింగ్ కూడా అక్కడే జరగాలి, అప్పుడే ఆర్బ్ ముద్ర, అంటే అసలైన హ్యారిస్ ట్వీడ్ అని చెప్పే గుర్తు పడుతుంది. మగ్గం కరెంటుతో కాదు, కాళ్లతో తొక్కి నడిపిస్తారు. ఇంకో విషయం, రంగు అద్దేది నేసిన గుడ్డకి కాదు, వడకకముందు ఉన్నికి. అందుకే దూరం నుంచి మామూలు గోధుమ రంగులా కనపడే గుడ్డని కంటి దగ్గర పెట్టుకుని చూస్తే ఒక్క పోగులోనే ఆకుపచ్చ, నారింజ, నీలం, కాస్త పసుపు అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఫోటోలో ఇది అస్సలు తెలీదు, గుడ్డ ముక్క తెప్పించుకుని పగటి వెలుతురులో చూడాల్సిందే.

కానీ ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఆ ఆర్బ్ లేబుల్ గుడ్డకి హామీ, కుట్టుకి కాదు. అంత మంచి గుడ్డని తీసుకెళ్లి లోపల కాన్వాస్‌కి బదులు జిగురుతో అంటుకునే పొర (జిగురు లైనింగ్) అతికించి గబగబా కుట్టిన జాకెట్‌కి కూడా అదే లేబుల్ ఉంటుంది, చూసేవాళ్లకి రెండూ ఒకటే. తేడా అంతా లోపలే. పాత పద్ధతిలో ఛాతీ దగ్గర గుర్రపు వెంట్రుక కలిపి నేసిన కాన్వాస్ వేసి, లాపెల్, అంటే కాలర్ కింద ఛాతీ మీద బయటికి తిరిగే మడత వెనక వందల కొద్దీ చిన్న చిన్న ఏటవాలు కుట్లు చేత్తో వేస్తారు, కుట్టేటప్పుడే ఎడమ వేళ్ల మీద గుడ్డని వంచి పట్టుకుంటారు కాబట్టి ఆ వంపు అలాగే నిలిచిపోతుంది. లాపెల్ అంచు వెనక వేలితో తడిమితే ఆ కుట్ల గుంటలు సన్నగా తగులుతాయి. ఇస్త్రీ పెట్టి పడుకోబెట్టిన మడతకి, ఇలా దొర్లినట్టు తిరిగే మడతకి తేడా ఒకసారి చూశాక ఇక మర్చిపోలేం.

జిగురు లైనింగ్ పూర్తిగా చెడ్డదని కూడా అనను, ఇప్పుడొచ్చేవి ఒకప్పటికన్నా చాలా నయం, కాకపోతే డ్రైక్లీనింగ్ వేడికి కొన్నాళ్లకి జిగురు వదిలి ఛాతీ మీద బుడగల్లా లేస్తే దాన్ని సరిచేయడం దాదాపు అయ్యే పని కాదు. మధ్యేమార్గం హాఫ్ కాన్వాస్, అంటే ఛాతీకి, లాపెల్‌కి కాన్వాస్, కింద జిగురు. డబ్బు సరిపోకపోతే నేను దీన్నే తీసుకోమంటా. టెస్ట్ ఏంటంటే గుండీల పక్కన పై గుడ్డని ఒక చేత్తో, లోపలి లైనింగ్‌ని ఇంకో చేత్తో పట్టుకుని మెల్లిగా విడదీయండి, మధ్యలో మూడో పొర విడిగా కదిలితే కాన్వాస్ ఉన్నట్టు. ట్వీడ్ మందం కాబట్టి ఒక్కోసారి తేలదు, అప్పుడు మొహమాటపడకుండా టైలర్‌నే అడిగేయండి.

చెయ్యి అతికే చోట కూడా చేతిపని అసలు విలువ తెలుస్తుంది. స్లీవ్ పైభాగాన్ని చంక చుట్టుకొలత కన్నా కాస్త పెద్దగా కత్తిరించి, ఆ ఎక్కువైన గుడ్డని ముడతలు కనపడకుండా సర్దుతూ కుడతారు. చంక ఎత్తుగా, స్లీవ్‌లో ఆ వదులు ఉంటే చెయ్యి పైకెత్తినా జాకెట్ మొత్తం మెడ మీదకి ఎక్కదు. ఇది షోకు కోసం వచ్చింది కాదు, వేటకి వేసుకునే నార్‌ఫోక్ జాకెట్‌కి మడతలు, బెల్టు పెట్టిందీ తుపాకీ ఎత్తడానికి చెయ్యి ఆడాలనే, గుర్రం స్వారీ జాకెట్‌కి జేబులు ఏటవాలుగా పెట్టిందీ, వెనక పొడుగ్గా ఒకే చీలిక ఇచ్చిందీ జీను మీద కూర్చోడానికే. ఇప్పుడు కొందరు డిజైనర్లు ఇవన్నీ పైపైన తగిలించేస్తున్నారు, తెరుచుకోని మడత, కాజా లేని కాలర్ పట్టీ, ఇలాంటివి చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

చోర్ జాకెట్ లెక్క పూర్తిగా వేరు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో వచ్చింది, అప్పటికే కుట్టు మిషన్లు ఉన్నాయి, కాబట్టి ఇది పుట్టడమే మిషన్ బట్టగా పుట్టింది. భుజానికి ప్యాడ్ లేదు, లోపల లైనింగ్ లేదు, తిన్నని కటింగ్, ముందు పైన అతికి కుట్టిన మూడు ప్యాచ్ జేబులు. బలమంతా గుడ్డలో, మడిచి వేసిన డబుల్, ట్రిపుల్ కుట్లలో ఉంటుంది. దీనికి వాడే మోల్‌స్కిన్ గుడ్డ పేరు చూసి చర్మం అనుకోకండి, అది చాలా దట్టంగా నేసి పైన నూగు లేపిన కాటన్, గాలి దూరదు, గీసుకున్నా తొందరగా చిరగదు. న్యూయార్క్ టైమ్స్ కోసం దశాబ్దాల పాటు వీధి ఫ్యాషన్ ఫోటోలు తీసిన బిల్ కన్నింగ్‌హామ్ రోజూ ఈ నీలం జాకెట్టే వేసుకునేవాడు, జేబుల్లో సామాను పెట్టుకుని సైకిల్ మీద తిరిగేవాడికి ఇంతకన్నా సుఖమైన బట్ట ఏముంటుంది చెప్పండి. ఉతికే కొద్దీ మోచేతుల దగ్గర, జేబుల అంచుల్లో రంగు తగ్గి మనిషి వాడకం దాని మీద కనపడుతుంది, అదే దాని అందం. దీన్ని చేత్తో కుడితే ఏమొస్తుంది? ఆ పొడుగాటి కుట్లకి మిషనే గట్టి. అయితే గుడ్డే చేమగ్గం మీద నేసిందైనా, అసలు నీలిమందుతో అద్దిందైనా దానికి తప్పకుండా ఎక్కువ ఇవ్వండి, అది గుడ్డ విలువ. చేత్తో చేసిన కాజాలు బాగుంటాయి, కానీ అవి లేకపోయినా నష్టం లేదు.

మధ్యలో ఒక మాట, పనిబట్టలో చేతికుట్టు నిజంగా అవసరంగా ఉన్నది చూడాలంటే ఇంగ్లండ్ రైతు కూలీల స్మాక్, అంటే వదులుగా ఉండే పైచొక్కా చూడాలి. ఛాతీ దగ్గర, మణికట్ల దగ్గర గుడ్డని సన్నటి కుచ్చులుగా లాగి పైన కుట్టుపని చేసేవాళ్లు, ఎలాస్టిక్ లేని రోజుల్లో సాగే గుణం దాని వల్లే వచ్చేది. చాలావాటికి ముందూ వెనకా ఒకేలా ఉండేది, ఒకవైపు మాసిపోతే తిప్పి వేసుకునేవాళ్లు. ఇప్పుడు దాన్ని ఎవరైనా శ్రద్ధగా చేస్తుంటే నేనైతే ట్వీడ్ కన్నా ముందు దానికే డబ్బు పెడతా, కానీ దొరకడం కష్టం.

వాడకం సంగతికొస్తే, చలి లేని చోట ఉండేవాళ్లకి ట్వీడ్ బీరువాలోనే ఉండిపోతుంది, హ్యారిస్ గుడ్డ మీటరు అర కిలో దగ్గర తూగుతుంది మరి. వాళ్లకి చోర్ జాకెట్టే, అదీ పల్చటి కాటన్ డ్రిల్‌లో, అంటే ఏటవాలు గీతలుగా నేసిన గుడ్డలో. రోజూ వేసుకుని ఇంట్లోనే ఉతుక్కోవాలన్నా అదే. ఒళ్లు పెరిగే తగ్గే వాళ్లకి మాత్రం ట్వీడే నయం, మంచి టైలర్ లోపల మార్జిన్ వదులుతాడు, విప్పి లూజు చేయొచ్చు, చోర్ జాకెట్‌లో అన్నీ మడిచి కుట్టేసి ఉంటాయి కాబట్టి విప్పినా దొరికేది ఏమీ ఉండదు.

ట్వీడ్ కుట్టించుకోవాలని డిసైడ్ అయితే కొలతలు ఇచ్చి వచ్చేయకండి, టాకాలు వేసిన స్టేజీలో ఒక ట్రయల్ ఇస్తారా అని ముందే అడగండి. ఆ ట్రయల్‌కి మామూలుగా లోపల వేసుకునే స్వెటరే వేసుకుని వెళ్లండి, అద్దం ముందు నిటారుగా నిలబడటం కాదు, కూర్చోండి, చేతులు ముందుకి చాపండి, పైనున్న వస్తువు అందుకున్నట్టు ఎత్తండి, కాలర్ మెడని వదిలేస్తుంటే అక్కడే చెప్పేయండి, టాకాలు ఉన్నప్పుడు విప్పడం నిమిషాల పని.